తెనాలి మాస్టారి అంబాసిడర్: ఒక కారు, రెండు జబ్బులు

పోయిన ఏడాది వానాకాలం చివర్లో తెనాలి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినది రిటైరైన లెక్కల మాస్టారు. "సెల్ఫ్ బాగానే తిరుగుతోంది బాబూ, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఉన్న సామానంతా కొత్తది వేయించాను" అన్నారు. ఆ చివరి మాట వింటే నాకు ఎప్పుడూ కాస్త భయం వేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. సామానంతా కొత్తగా ఉన్న బండి నాకు అన్నిటికంటే కష్టమైన బండి. ఎక్కడ చూసినా తళతళలాడుతుంటే దేన్ని అనుమానించాలో చేతికి తోచదు.

కారు 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలుది. ఇంజిన్ 1489 సీసీ, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ సిరీస్ కుటుంబంలోది. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. బ్యాటరీ, తాళం, బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచే కాయిల్, దాన్ని ప్లగ్గులకు వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్, సిలిండర్లలో స్పార్కు ఇచ్చే నాలుగు ప్లగ్గులు, వీటిని కలిపే వైర్లు. ఇగ్నిషన్, అంటే పెట్రోలును స్పార్కుతో అంటించే ఏర్పాటు, అంతే. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన పద్ధతే కొద్దిపాటి మార్పులతో ఈ బానెట్ కింద ఉంది. ఇందులో వచ్చే జబ్బు ఏదైనా ఒక టెస్ట్ ల్యాంపు, ఒక మల్టీమీటర్ ఉంటే దొరికిపోవాలి. దొరికింది కూడా. కాకపోతే రెండు విడతల్లో దొరికింది, మధ్యలో నా పరువు కొంత పోయింది.

మాస్టారు చెప్పిన చరిత్ర

లెక్కల మాస్టారు కదా, చిన్న నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసి పెట్టారు. రెండు నెలల్లో మూడు సార్లు కారు దారిలో ఆగింది. మూడు సార్లూ అరగంట పైన నడిచాకే ఆగింది. కాసేపు నీడలో పెట్టి మళ్ళీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

నేను అందరినీ అడిగే ప్రశ్నే ఆయననూ అడిగాను. "దగ్గి దగ్గి ఆగిందా, తాళం తీసేసినట్టు ఆగిందా?" పెట్రోలు అందక ఆగే ఇంజిన్ ముందు కుంటుతుంది, లాగలేక ఆయాసపడుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. స్పార్కు పోతే చెప్పాపెట్టకుండా ఆగుతుంది. "తాళం తీసేసినట్టే" అన్నారు మాస్టారు.

మూడోసారి ఆగాక ఆయన దగ్గరలోని మెకానిక్‌ను పిలిచారు. అతను బ్యాటరీ, కాయిల్, సీబీ పాయింట్లు, కండెన్సర్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గులు అన్నీ ఒకే పూటలో మార్చాడు. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్చు, అవి తెరుచుకున్నప్పుడే కాయిల్ స్పార్కు ఇస్తుంది. ఆ పాయింట్లు మాడకుండా కాపాడేది కండెన్సర్. క్యాప్ కింద తిరుగుతూ స్పార్కును ఒక్కొక్క ప్లగ్గు వైరుకు అందించేది రోటర్. ఆ పూట నుంచి కారు ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. అప్పుడు అతను కాయిల్ నుంచి వచ్చే మెయిన్ వైరును ఇంజిన్ బ్లాకు దగ్గర పట్టుకుని సెల్ఫ్ తిప్పి చూశాడు. మంచి నీలం రంగు స్పార్కు దూకింది. "స్పార్కు ఉంది కాబట్టి తప్పు కార్బురేటర్‌ది" అని, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే ఆ భాగాన్ని విప్పాడు.

అతన్ని తప్పుపట్టడం తేలిక. ఆ పరీక్ష మంచి పరీక్షే. అది సగం దారికే వర్తిస్తుందన్న సంగతి మరిచిపోయాడు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ వరకు కరెంటు వచ్చిందని అది చెబుతుంది, అక్కడి నుంచి ప్లగ్గు వరకు వెళ్లిందో లేదో చెప్పదు.

ఇక్కడే నేను పట్టుకోవలసిన మాట ఒకటి జారిపోయింది. ముందు అప్పుడప్పుడు ఆగే బండి, సామాను మార్చాక అసలు స్టార్ట్ కాని బండి. జబ్బు తీరే మారింది. అంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావచ్చు. విన్నాను, తల ఊపాను, పనిలో పడ్డాను.

మొదటి రోజు

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిప్పేటప్పుడు 10.4. తిప్పేటప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీని, బ్యాటరీ మైనస్‌ను కారు ఒంటికి కలిపే ఎర్త్ పట్టీని, సెల్ఫ్ మోటారును అనుమానించాలి. ఇక్కడ ఆ అవసరం లేదు. కాయిల్ ప్లస్ దగ్గర తాళం వేసి తిప్పుతూ చూస్తే 10.2. తాళం, దాని వైరింగ్ బాగున్నట్టే.

కాయిల్ లోపలి ప్రైమరీ చుట్టను కొలిస్తే 3.1 ఓమ్‌లు. ఇది తప్పక చూడాలి. ఎందుకంటే కొట్లలో 1.5 ఓమ్‌ల కాయిల్ కూడా దొరుకుతుంది. అది కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ బయట ఉన్న బండ్లకు. ఆ రెసిస్టర్ లేని ఈ కారుకు దాన్ని వేస్తే 4 ఆంపియర్లు లాగవలసినది 8 లాగుతుంది. కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు మాడిపోతాయి. కొట్టువాడు రెండిటినీ ఒకే అరలోంచి తీసి ఇస్తాడు.

ప్లగ్గులు విప్పితే నాలుగూ తడి, పెట్రోలు వాసన గుప్పుమంది. పాపం కార్బురేటర్ తన పని తాను చేస్తూనే ఉంది. ఇలా తడిసిన ఇంజిన్ మీద వెంటనే స్పార్కు పరీక్ష చేయకూడదు. ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్మే ఆవిరి అంటుకుంటుంది. కాయిల్ వైరు ఊడదీసి, సెల్ఫ్ నాలుగు తిప్పులు తిప్పి లోపలిది బయటికి పోనిచ్చాను. ప్లగ్గులు తుడిచి బిగించాక నా పెట్టెలోని వేరే ప్లగ్గును ఒక్కొక్క వైరుకు తగిలించి, బ్లాకుకు ఆనించి చూశాను. నాలుగు వైర్లలో ఒక్కదానికీ స్పార్కు లేదు.

టెస్ట్ ల్యాంపు ఒక కొస ఎర్త్‌కు, ఇంకో కొస కాయిల్ మైనస్‌కు పెట్టాను. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరు ఉండే చోటు అది. పాయింట్లు తెరుచుకున్నప్పుడు దీపం వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. సెల్ఫ్ తిప్పితే చక్కగా వెలుగుతూ ఆరుతూ ఉంది. మెయిన్ వైరు దగ్గర స్పార్కు పాత మెకానిక్ చెప్పినట్టే నీలంగా ఉంది.

కాయిల్ స్పార్కు ఇస్తోంది, నాలుగు ప్లగ్గులకూ అందడం లేదు. నాలుగు ప్లగ్గు వైర్లు ఒకే రోజు చచ్చిపోవు. నాలుగిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే తప్పు ఉండాలి. ఆ దారిలో ఉన్నవి మెయిన్ వైరు, క్యాప్ మధ్యలో ఉండే కార్బన్ బొడిపె, దాని కింద తిరిగే రోటర్. వైరు మంచిదే. కార్బన్ బొడిపె స్ప్రింగు మీద ఆడుతోంది. క్యాప్ లోపల టార్చి వేసి పెన్సిలు గీతలాంటి పగులు కోసం వెతికాను, లేదు. మిగిలింది రోటర్. అది కొత్తది, ఎర్రగా, పైన ఇత్తడి మెరుస్తూ, ఒక్క మచ్చ లేకుండా ఉంది. నిజం చెప్పాలంటే దాని అందం చూసి నేను పది నిమిషాలు వృథా చేశాను. దాన్ని వదిలేసి వైర్ల వరుస సరిచూశాను. ఈ ఇంజిన్‌లో సిలిండర్లకు స్పార్కు అందే వరుస 1, 3, 4, 2. రోటర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అన్నీ సరిగానే ఉన్నాయి.

రోటర్ పరీక్ష

దీన్ని వివరంగా చెబుతాను. చాలామంది కుర్రవాళ్లకు ఇది తెలియదు.

క్యాప్ తీసి పక్కన పెట్టాలి. రోటర్ దాని షాఫ్ట్ మీదే ఉండాలి. పాయింట్లు మూసుకుని ఉండే స్థితికి ఇంజిన్‌ను చేత్తో తిప్పి తాళం వేయాలి. కాయిల్ మెయిన్ వైరును రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొసను రోటర్ ఇత్తడి రేకుకు 4, 5 మిల్లీమీటర్ల ఎత్తున నిలపాలి. ఇప్పుడు ఎండు పుల్లతో పాయింట్లను చటుక్కున తెరవాలి. ప్రతిసారీ కాయిల్ వేల వోల్టులు వదులుతుంది. రోటర్ మంచిదైతే ఏమీ జరగదు. ఇత్తడి రేకు చుట్టూ ప్లాస్టిక్ ఉంది, కరెంటుకు పోయే చోటు లేదు. ఒకటి రెండు సార్లు చీమంత స్పార్కు కనిపించినా కంగారు పడనక్కరలేదు.

నేను పుల్లతో తెరిచాను. టక్. వైరు కొస నుంచి ఇత్తడి రేకు మీదికి దారంలా నీలం గీత దూకింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ టక్. పదిసార్లకు పదిసార్లు. ఆ కరెంటు ఎక్కడికో పోతోంది కాబట్టే దూకుతోంది. రోటర్ లోపలి నుంచి కింద ఉన్న ఇనుప షాఫ్ట్‌లోకి, అక్కడి నుంచి ఎర్త్‌కు పోతోంది. కరెంటుకు కావలసింది తేలిక దారి. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలిలోంచి ప్లగ్గు కొసల మధ్య దూకడం కంటే, ప్లాస్టిక్‌లోని సూది మొనంత రంధ్రంలోంచి షాఫ్ట్‌లోకి జారడం దానికి తేలిక.

మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నారు. "కొత్తది కదా?" అన్నారు. పాత రోటర్ ఉందా అని అడిగితే లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చారు. మెకానిక్ తీసేసిన ప్రతి భాగాన్నీ ఆయన దినపత్రిక కాగితంలో చుట్టి దాచారు. పాత రోటర్ కొస నల్లగా కాలి ఉంది. దాన్ని బట్టతో తుడిచి, అదే పరీక్ష పెట్టాను. పుల్ల ఎన్నిసార్లు ఆడించినా స్పార్కు దూకలేదు. దాన్నే వేసి క్యాప్ బిగించి సెల్ఫ్ తిప్పితే రెండో తిప్పుకే ఇంజిన్ అందుకుంది.

కొత్త రోటర్‌ను ఆ తర్వాత షాపులో రంపంతో నిలువుగా కోశాను. పైన ఇత్తడి రేకును పట్టి ఉంచే రివెట్ మరీ పొడుగ్గా ఉంది. దాని కింది కొసకూ, షాఫ్ట్‌ను బిగబట్టే స్ప్రింగ్ రేకుకూ మధ్య గోరు మందం కూడా ప్లాస్టిక్ లేదు. ఆ సన్నని చోట నల్లని చుక్క, దాని చుట్టూ మసి. పాత రోటర్‌లో రివెట్ పొట్టిది. పైనుంచి చూస్తే రెండిటికీ తేడా తెలియదు.

"అయిపోయిందా బాబూ?" అని మాస్టారు అడిగారు. "అయిపోయింది మాస్టారూ" అన్నాను. కాఫీ తాగి సాయంత్రం రైలుకు విజయవాడ వచ్చేశాను. ఇంజిన్‌ను ఇరవై నిమిషాలైనా వేడెక్కనివ్వలేదు.

దుగ్గిరాల దగ్గర

మూడో రోజు మధ్యాహ్నం మాస్టారి ఫోను. దుగ్గిరాల పసుపు యార్డు దాటాక కారు ఆగింది. "తాళం తీసేసినట్టే" అన్నారు, ఆ మాటను కొంచెం ఒత్తి పలికారు. బైకు వేసుకుని వెళ్లాను. నేను వెళ్లేసరికి ఇంజిన్ చల్లబడింది. తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. వచ్చిపోయే జబ్బుతో ఉన్న చిక్కే ఇది. మనం చూస్తున్నంత సేపూ బుద్ధిగా ఉంటుంది.

అప్పుడు ఒక పని చేశాను. కాయిల్ మైనస్ నుంచి పొడుగాటి వైరు లాగి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, డాష్‌బోర్డు మీద చిన్న 12 వోల్టుల దీపాన్ని టేపుతో అంటించాను. దీపం రెండో కొస ఎర్త్‌కు. ఇది పాతకాలపు ఫిలమెంట్ బల్బే కావాలి. పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ ఆ చోట 200, 300 వోల్టుల పోటు వస్తుంది, చిన్న ఎల్ఈడీ అయితే మాడిపోతుంది.

ఇంజిన్ నడుస్తుంటే ఈ దీపం మసకగా వెలుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ తిరిగే ప్రతి 90 డిగ్రీల్లో పాయింట్లు దాదాపు 60 డిగ్రీలు మూసుకుని, 30 డిగ్రీలు తెరుచుకుని ఉంటాయి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు తెరుచుకుంటాయి. అందుకని కంటికి ఆరడం వెలగడం కనపడదు, మూడో వంతు వెలుగే కనపడుతుంది. ఇక ఇంజిన్ ఆగిన క్షణంలో దీపమే సాక్షి. పూర్తిగా ఆరిపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదా మైనస్ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతోంది. పూర్తిగా వెలిగితే పాయింట్ల వైపు ఎర్త్ అందడం లేదు.

మాస్టారిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నేను పక్క సీటులో దీపం చూస్తూ కూర్చున్నాను. తెనాలి వైపు, మళ్ళీ వెనక్కి, మళ్ళీ తెనాలి వైపు. నలభై నిమిషాలు. మాస్టారు తన సర్వీసులో చూసిన హెడ్మాస్టర్ల గురించి చెబుతున్నారు. కాలువ గట్టు పక్కన దీపం ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఆ వెంటనే ఇంజిన్ మూగబోయింది.

కారు పక్కకు ఆపి, తాళం అలాగే ఉంచి, వెంటనే క్యాప్ తీశాను. పాయింట్లు మూసుకునే ఉన్నాయి, అయినా దీపం వెలుగుతోంది. పాయింట్లు బిగించి ఉన్న పలుచని ప్లేటును వేలితో కొద్దిగా పక్కకు తోశాను. దీపం ఆరింది. వదిలాను, వెలిగింది. తోశాను, ఆరింది. మాస్టారు కళ్లజోడు తీసి వంగి చూస్తూ "మళ్ళీ ఒకసారి" అన్నారు.

ఆ ప్లేటు కదిలే ప్లేటు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి నడిపేటప్పుడు ఇంజిన్ వాక్యూమ్, అంటే గాలిని పీల్చే ఊపు, దాన్ని లాగి స్పార్కును ముందుకు జరుపుతుంది. కదిలే ప్లేటుకు నమ్మకమైన ఎర్త్ ఉండాలని దాని నుంచి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి రెండు అంగుళాల మెత్తని వైరు ఉంటుంది. పైన నేత గుడ్డ తొడుగు. చూడటానికి అది బాగానే ఉంది. చిమటాతో పట్టి కొద్దిగా లాగితే తొడుగు సాగింది. రాగి పోగులు తెగిపోయి ఉంటేనే అలా సాగుతుంది. తొడుగు చీల్చితే లోపల ఒక్క పోగు కూడా అటూ ఇటూ కలిసి లేదు. దాదాపు నలభై ఏళ్లు ప్లేటుతో పాటు వంగి వంగి తెగిపోయింది.

మరి అన్నాళ్లు కారు ఎలా నడిచింది? కింది ప్లేటుకూ పై ప్లేటుకూ మధ్య రాపిడి ఉంది కదా, ఆ తగులుడుతోనే నడిచింది. ఇంజిన్ వేడెక్కితే ప్లేట్లు కాస్త వ్యాకోచిస్తాయి, వాటి మధ్య నూనె పలచబడి పాకుతుంది, తగులుడు పోతుంది. చల్లబడితే మళ్ళీ తగులుతుంది. పాయింట్లు మూసి, తాళం వేసి, ప్లేటుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్టేజి కొలిచాను. మంచి ఎర్త్ అయితే 0.2 వోల్టులు దాటకూడదు. నేను వేలు ఆనించి ఉంచితే 1.8, వేలు తీస్తే ఏకంగా 12 పైన. ఈ కొలత త్వరగా ముగించాలి. పాయింట్లు మూసి తాళం వేసి వదిలేస్తే కాయిల్ వేడెక్కిపోతుంది.

పాత మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ పరిసరాల్లో అన్నీ మార్చాడు, ఈ ఒక్క వైరు తప్ప. కొట్టులో అమ్మని వస్తువు కాబట్టి మార్చలేదు. నేను మొదటి రోజు దాని పక్కనే పుల్ల పెట్టి పాయింట్లు ఆడించాను. అప్పుడు ఇంజిన్ చల్లగా ఉంది, ప్లేట్లు తగులుతూనే ఉన్నాయి.

మరమ్మతు

ఇంట్లో వాడే మామూలు వైరు దీనికి పనికిరాదు, నెలలో తెగుతుంది. పాడైపోయిన మల్టీమీటర్ ప్రోబ్ వైరు ఒకటి నా దగ్గర ఉంది. అందులో వెంట్రుకల్లాంటి పోగులు వందల్లో ఉంటాయి, ఎంత వంచినా విరగదు. దాన్నే కోసి, రెండు కొసలకు రింగు టెర్మినళ్లు నొక్కి బిగించాను. టంకం వేయలేదు. టంకం పాకిన చోట వైరు కర్రలా బిగుస్తుంది, సరిగ్గా దాని అంచు దగ్గరే మళ్ళీ తెగుతుంది. ప్లేటు ఈ చివర నుంచి ఆ చివరకు కదిలినా లాగుడు పడకుండా కొంచెం వదులు ఉంచాను. షాఫ్ట్‌కు, పాయింట్ల కదిలే చేతికి తగలకుండా చూసుకున్నాను.

ఎర్త్ కొలిస్తే 0.1 వోల్టు.

పాయింట్ల సందు 0.015 అంగుళానికి, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్‌కు సరిచేశాను. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకుకు నూనె అంటి ఉంటే ఆ పొర పాయింట్ల మీద మిగిలిపోతుంది, కాబట్టి పెట్రోలు గుడ్డతో తుడిచి పెట్టాలి. పాయింట్ల సందు మారితే టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం, మారుతుంది. అందుకని కప్పీ మీది గుర్తు చూసుకుని దీపంతో టైమింగ్ కూడా కట్టాను. కండెన్సర్ కొలిస్తే 0.21 మైక్రోఫారడ్, దాన్ని కదిలించలేదు. మాస్టారు కొన్న కొత్త కాయిల్, పాయింట్లు, క్యాప్ అన్నీ మంచివే. వాటి అవసరమే లేదు, అంతే.

ఈసారి "అయిపోయింది" అనలేదు. డాష్‌బోర్డు మీది దీపం ఊడదీయకుండా, ఆ వేడి ఇంజిన్‌తోనే రెండు గంటలు తిప్పాం. తెనాలి నుంచి విజయవాడ వారధి దాకా వచ్చి వెనక్కి వెళ్లాం. దీపం ఎక్కడా మసకవెలుగు దాటలేదు. నా బైకు దుగ్గిరాలలో ఒక టీ కొట్టు ముందు ఉండిపోయింది, చీకటి పడ్డాక మాస్టారే అక్కడ దింపారు.

పాత రోటర్ కొస కాలిపోయింది కాబట్టి అది ఎక్కువ కాలం రాదు. ఆటోనగర్‌లో మూడు వేర్వేరు కొట్లలో మూడు రోటర్లు కొన్నాను. మర్నాటి ఆదివారం తెనాలి వెళ్లి, మాస్టారి కారు మీదే పుల్ల పరీక్ష పెట్టాను. ఈసారి పుల్ల ఆడించింది మాస్టారే. రెండు రోటర్లు నిలబడ్డాయి, మూడోది టక్‌మంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి కొట్టువాడు కాసేపు వాదించి ఒప్పుకున్నాడు. నిలబడిన రెండిటిలో ఒకటి కారులో తిరుగుతోంది. ఇంకొకటి డాష్‌బోర్డు అరలో కవరులో ఉంది, దాని మీద పరీక్షించిన తేదీ మాస్టారి చేతిరాతతో ఉంది.